ఎనభై మ్యాచ్‌ల లెక్క

డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. సంభావ్యత పాఠం వచ్చినప్పుడు, పుస్తకంలో ఉన్నట్టు సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు అంటూ మొదలుపెడితే వెనక బెంచీల్లో ఆవలింతలు మొదలయ్యేవి. అందుకని బోర్డు మీద ఇద్దరు టెన్నిస్ క్రీడాకారిణుల పేర్లు రాసేవాణ్ణి: క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవా. వాటి కింద, ఒకరి మీద ఒకరు గెలిచిన మ్యాచ్‌ల లెక్క: 37, 43. "ఇద్దరిలో ఎవరు గొప్ప? అంకెలతో చెప్పండి" అనేవాణ్ణి. ఆ గంట ఎవరికీ నిద్ర వచ్చేది కాదు.

ఇప్పుడు ఇంట్లో మనవలు అల్కరాజ్, సినర్ పేర్లతో అదే యుద్ధం చేస్తున్నారు. ఫోనులో ఒక అంకె చూపించి ఎదుటివాడి నోరు మూయించాలని ఒకటే ఆత్రం. అంకెల మీద వాళ్లకున్న ఇష్టం నాకు సంతోషమే. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కుండా నమ్మెయ్యడం మాత్రం భయం కలిగిస్తుంది. వాళ్ల కోసం, వాళ్ల ఈడు పిల్లల కోసం ఇవి రాస్తున్నాను. ఉదాహరణ మాత్రం నా పాతదే. 1973 నుంచి 1988 దాకా ఆ ఇద్దరూ 80 సార్లు తలపడ్డారు. వాటిలో 60 ఫైనళ్లు. ఇంత సరుకున్న పోటీ టెన్నిస్‌లో నాకు మరొకటి కనిపించలేదు.

1. ముందు నాణెం ఎగరేసి చూడండి

43–37 అనగానే నవ్రతిలోవా పైచేయి అనేస్తారు. కాస్త ఆగండి. మోసం లేని నాణేన్ని 80 సార్లు ఎగరేస్తే సగటున 40 బొమ్మలు పడాలి. ఎప్పుడూ కచ్చితంగా 40 పడవు కదా. అటూ ఇటూ ఊగే ఆ ఊగిసలాటకు మా లెక్కల్లో ప్రామాణిక విచలనం అని పేరు. 80 సార్లకు అది దాదాపు నాలుగున్నర. 43 అంటే సగటు మీద మూడే ఎక్కువ. ఇంత తేడా గానీ, ఇంతకు మించిన తేడా గానీ వట్టి నాణెంతోనే సగానికి పైగా సందర్భాల్లో వచ్చేస్తుంది.

గ్రాండ్‌స్లామ్ మ్యాచ్‌లే తీసుకుంటే నవ్రతిలోవా 14, ఎవర్ట్ 8. ఇది గట్టి సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ 22 మ్యాచ్‌లకు ఇలాంటి తేడా నాణెంతో కూడా నాలుగింట ఒకసారికి పైనే వస్తుంది. గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లలో 10–4. అదీ నూటికి 18 సార్లు దాకా రావచ్చు.

దీన్నిబట్టి ఇద్దరూ సమానమని తేల్చకండి. పిల్లలు తరచు అక్కడికి దూకేస్తారు. ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పలేమనే నేను అంటున్నది. కోర్టులో సాక్ష్యం చాలకపోతే కేసు కొట్టేస్తారు. అంతమాత్రాన ఏమీ జరగలేదని కాదు.

2. మొత్తాన్ని కాలం వారీగా విడదీయండి

మొదటి మ్యాచ్ 1973లో, అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో. ఎవర్ట్‌కు 18 ఏళ్లు, నవ్రతిలోవాకు 16. ఎవర్ట్ 7–6, 6–3తో గెలిచింది. ఫ్లోరిడాలో తండ్రి జిమ్మీ ఎవర్ట్ శిక్షణలో క్లే కోర్టుల మీద పెరిగిన అమ్మాయి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, బేస్‌లైన్ దగ్గర నిలబడి బంతిని ఎన్నిసార్లయినా తిప్పి పంపే ఓపిక. ఇవతల చెకోస్లొవాకియా నుంచి వచ్చిన ఎడమచేతి అమ్మాయి. సర్వ్ చేసి నెట్ మీదికి దూసుకొచ్చే ఆట, నిలకడ లేదు, ఒళ్లు బరువెక్కింది. 1975 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో ఎవర్ట్ చేతిలో ఓడిన వెంటనే, 18 ఏళ్ల వయసులో, దేశం వదిలి అమెరికాలో ఆశ్రయం కోరింది. ఆ వయసులో అమ్మానాన్నలకు దూరమై, మళ్లీ వెళ్లగలనో లేదో తెలియని స్థితిలో ఆడిన మ్యాచ్‌లు కూడా ఆ 80లో ఉన్నాయి. లెక్కలో వాటికీ మిగతా వాటికీ తేడా ఉండదు. చదివేవాడి మనసులో ఉండాలి.

1981లో అమేలియా ఐలండ్ ఫైనల్లో ఎవర్ట్ ఆమెను 6–0, 6–0తో చిత్తు చేసింది. ఆ ఏడే బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి నాన్సీ లీబర్‌మన్ నవ్రతిలోవాకు కసరత్తు నేర్పడానికి వచ్చింది. పరుగు, బరువులు, తిండి, అన్నీ మారిపోయాయి. మహిళా టెన్నిస్‌లో అప్పటిదాకా ఎవరూ అంత కఠినంగా శరీరాన్ని తయారుచేసుకోలేదు. 1982 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఎవర్ట్ గెలిచింది. ఆ తర్వాత ఇద్దరూ తలపడ్డ 13 మ్యాచ్‌లూ వరసగా నవ్రతిలోవావే. 1985 జనవరిలో గానీ ఎవర్ట్ మళ్లీ గెలవలేదు.

ఇక్కడ నాణెం దగ్గరికి మళ్లీ వెళ్దాం. 80 సార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట ఒకే వైపు వరసగా 13 సార్లు పడే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. అంటే మొత్తం మీద 43–37 అనేది అదృష్టంతోనూ రాగల అంకె, దాని కడుపులో ఉన్న 13–0 అదృష్టంతో రాదు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు వెలిగేవి. నాకిప్పటికీ ఇష్టమైన లెక్క ఇది.

1984 యూఎస్ ఓపెన్ ఫైనల్‌కు వచ్చేసరికి ఇద్దరూ సరిగ్గా 30–30. ఆ 30, ఈ 30 ఒకే కాలానివి కావు. ఎవర్ట్ గెలుపుల్లో ఎక్కువ భాగం నవ్రతిలోవా ఇంకా తయారవుతున్న రోజులవి. నవ్రతిలోవా వరస గెలుపులు ఎవర్ట్ 30వ ఏడుకు దగ్గరవుతున్నప్పటివి. ఇద్దరి మధ్య 22 నెలల తేడా. ఆటలో అది తక్కువేమీ కాదు.

3. నేల ఏమిటో అడగండి

టెన్నిస్‌లో నేల మారితే ఆటే మారుతుంది. క్లే మీద బంతి నెమ్మదించి పైకి లేస్తుంది, ఓపికున్నవాళ్లకు లాభం. పచ్చిక మీద బంతి జారి తక్కువ ఎత్తులో వస్తుంది, సర్వ్ చేసి నెట్‌కు పరిగెత్తేవాళ్లకు పండగ. ఇండోర్ కార్పెట్ మీద గాలి లేదు, ఎండ లేదు, బంతి వేగం ఎక్కువ.

ఇప్పుడు 80 మ్యాచ్‌లనూ నేల వారీగా పంచుదాం. క్లే మీద 14 మ్యాచ్‌లు: ఎవర్ట్ 11, నవ్రతిలోవా 3. పచ్చిక మీద 15: నవ్రతిలోవా 10, ఎవర్ట్ 5. అవుట్‌డోర్ హార్డ్ కోర్టుల మీద 16: నవ్రతిలోవా 9, ఎవర్ట్ 7. ఇండోర్‌లో 35: నవ్రతిలోవా 21, ఎవర్ట్ 14.

ఆ 35 చూడండి. మొత్తంలో దాదాపు సగం! ఎందుకంటే ఆ రోజుల్లో మహిళల వర్జీనియా స్లిమ్స్ టోర్నీలు చలికాలమంతా అమెరికా నగరాల్లో ఇండోర్‌లోనే సాగేవి. ఇద్దరూ అక్కడే మళ్లీ మళ్లీ ఎదురుపడ్డారు. అది ఇద్దరిలో ఎవరి గొప్పతనమూ కాదు, ఎవరి తప్పూ కాదు. క్యాలెండరు అలా ఉంది.

క్యాలెండరు ప్రభావం తీసేస్తే? నాలుగు రకాల నేలలకూ సమానమైన బరువు ఇద్దాం. ఎవర్ట్ గెలుపు శాతాలు క్లే మీద 79, పచ్చిక మీద 33, హార్డ్ మీద 44, ఇండోర్‌లో 40. నాలుగింటి సగటు 49. నవ్రతిలోవాకు 51. ముఖాముఖిలో 46–54గా కనిపించిన తేడా దాదాపు మాయమైపోయింది. ఒక్క మ్యాచ్ ఫలితం కూడా మార్చలేదు. కొలిచే తీరు మార్చామంతే.

సమాన బరువు ఇవ్వడమే న్యాయమని నేను పట్టుబట్టను. పచ్చికకు ఎక్కువ ఇవ్వాలని ఎవరైనా అనవచ్చు, ఎందుకంటే ఆ కాలంలో చాలావరకు వింబుల్డన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండూ పచ్చిక మీదే జరిగేవి. అప్పుడు నవ్రతిలోవా మళ్లీ ముందుకొస్తుంది. ఏ బరువు ఎందుకు ఇచ్చారో చెప్పి ఇస్తే చాలు. చెప్పకుండా ఇస్తే నేనొప్పుకోను. ముఖాముఖి అంకె పట్టుకొచ్చేవాడు కూడా బరువులు ఇచ్చినవాడే. ఆ సంగతి అతనికి తెలియదంతే.

క్లే మీద ఎవర్ట్ ఎంతటిదో కొత్త తరానికి తెలియదు. 1973 ఆగస్టు నుంచి 1979 మే దాకా క్లే మీద వరసగా 125 మ్యాచ్‌లు గెలిచింది. రోమ్‌లో ట్రేసీ ఆస్టిన్ ఆ వరసకు తెర దించింది.

4. తరచు ఓడినవాళ్లు తరచు అక్కడిదాకా వచ్చినవాళ్లు

ఈ పాఠం చాలామందికి ఆలస్యంగా ఎక్కుతుంది. ఇద్దరు టాప్ సీడ్‌లు డ్రాలో చెరో చివర ఉంటారు. ఇద్దరూ ఫైనల్‌కు వస్తేనే తలపడతారు. కాబట్టి తనకు నప్పని నేల మీద కూడా ఫైనల్ దాకా వచ్చే ఆటగాళ్లకు ముఖాముఖి రికార్డు పాడవుతుంది. ముందే ఇంటికి పోయేవాళ్ల రికార్డు శుభ్రంగా ఉంటుంది.

వింబుల్డన్ ఎవర్ట్ సొంత నేల కాదు. అయినా అక్కడ 10 ఫైనళ్లు ఆడింది. మూడు గెలిచి ఏడు ఓడింది. ఆ ఏడులో ఐదు నవ్రతిలోవా చేతిలోనే: 1978, 1979, 1982, 1984, 1985. ఆ ఐదేళ్లూ ఎవర్ట్ క్వార్టర్స్‌లోనే ఎవరో ఒకరి చేతిలో ఓడిపోయి ఉంటే ముఖాముఖి 38–37 అయ్యేది. అంటే ఎవర్ట్ ఆట ఇంకా నాసిగా ఉంటే, ఈ లెక్కలో ఆమె ఇంకా మెరుగ్గా కనిపించేది! ఇలాంటి కొలబద్దను ఒంటరిగా నమ్మవచ్చా?

మీ తరానికి తెలిసిన ఉదాహరణ ఫెడరర్, నాదల్. మొత్తం 40 మ్యాచ్‌లు, నాదల్ 24, ఫెడరర్ 16. క్లే మీద నాదల్ 14–2. క్లే తీసేస్తే ఫెడరర్ 14, నాదల్ 10. క్లే మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో ఫెడరర్ నాదల్‌కు ఆరుసార్లు ఎదురుపడి ఆరుసార్లూ ఓడాడు, వాటిలో నాలుగు ఫైనళ్లు. యూఎస్ ఓపెన్‌లో? ఒక్కసారి కూడా తలపడలేదు. ఫెడరర్ అక్కడ 2004 నుంచి 2008 దాకా వరసగా ఐదేళ్లు గెలిచాడు. ఆ ఐదేళ్లలో నాదల్ ఒక్కసారి కూడా ఫైనల్‌కు రాలేదు. జరగని మ్యాచ్‌లకు పట్టికలో గడి ఉండదు. గణాంకాలు చదివేవాడు ముందు వెతకాల్సింది ఆ లేని గడినే.

నాదల్ అభిమానులు నొచ్చుకోవద్దు. 2009లో ఆస్ట్రేలియా హార్డ్ కోర్టు మీదా, 2008లో వింబుల్డన్ పచ్చిక మీదా ఫైనల్లో ఫెడరర్‌ను ఓడించినవాడు వట్టి క్లే వీరుడు కాదు. నేను తప్పు పట్టేది 24–16ను ఒంటరిగా చదవడాన్నే.

5. ఆడని టోర్నీలు లెక్కపెట్టండి

గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు ఇద్దరికీ 18, 18. కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు.

1976, 1977, 1978ల్లో ఎవర్ట్ ఫ్రెంచ్ ఓపెన్ ఆడలేదు. అమెరికాలో వరల్డ్ టీమ్ టెన్నిస్ అనే లీగ్ ఆడింది. 1974, 1975ల్లో పారిస్‌లో గెలిచింది ఆమే. 1979, 1980ల్లో గెలిచిందీ ఆమే. ఆడని ఆ మూడేళ్లలో క్లే మీద ఒక్క ఓటమీ లేదు. ఆ మూడేళ్లూ వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. ఆస్ట్రేలియన్ ఓపెన్ అయితే జీవితం మొత్తంలో ఆరుసార్లే ఆడింది. ఆరుసార్లూ ఫైనల్‌కు వచ్చింది! ఆ రోజుల్లో ఏడాది చివర్లో అంత దూరం ప్రయాణించాలని చాలామంది పెద్ద ఆటగాళ్లకు అనిపించేది కాదు. గ్రాండ్‌స్లామ్‌లు లెక్కపెట్టుకుంటూ కెరీర్ నడిపే అలవాటు తర్వాతి తరాలది. ఆ అలవాటుతో పాతవాళ్లను కొలవడం అన్యాయం.

అలాగని ఊహించిన టైటిళ్లను పట్టికలో కలపకండి. వాటిని పక్కన కాగితం మీద రాసుకోండి. 18కి పక్కన "56 టోర్నీల్లో" అని రాయండి. ఎవర్ట్ ఆడిన గ్రాండ్‌స్లామ్‌లు 56. వాటిలో 52 సార్లు కనీసం సెమీఫైనల్ చేరింది. ఇది నేను చూసిన గొప్ప క్రీడా అంకెల్లో ఒకటి. దీనికి తగినంత పేరు రాలేదని నాకు బాధ.

6. శాతం ఎక్కడ ఆగిందో చూడండి

ఎవర్ట్ సింగిల్స్‌లో 1,309 గెలిచి 146 ఓడింది, దాదాపు 90 శాతం. నవ్రతిలోవా 1,442 గెలిచి 219 ఓడింది, 87 శాతానికి కొంచెం తక్కువ. అయితే ఎవర్ట్ 1989లో, 34 ఏళ్లకు ఆపేసింది. నవ్రతిలోవా 1994 దాకా ఆడింది, 37 ఏళ్ల వయసులో వింబుల్డన్ ఫైనల్ చేరింది. తర్వాత మళ్లీ వచ్చి 2004లో, 47 ఏళ్ల వయసులో, వింబుల్డన్ మొదటి రౌండు గెలిచింది. ఆటంటే అంత ప్రేమున్న మనిషికి శాతం కొంచెం తగ్గింది. ఒకే వయసు దాకా కోసి పోల్చితే తప్ప ఈ రెండు శాతాలను పక్కపక్కన పెట్టకూడదు.

7. పాయింట్ల కుప్ప మ్యాచ్ కాదు

పాత మ్యాచ్‌ల్లో ప్రతి పాయింటూ ఇప్పటిలా నమోదు కాలేదు, అందుకని ఈ పాఠానికి కొత్త తరం దగ్గరికి వస్తాను. 2024లో డార్ట్‌మత్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఫెడరర్ తన లెక్క తానే చెప్పాడు. 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో 80 శాతం దగ్గర గెలిచాడు, కానీ ఆడిన పాయింట్లలో గెలిచింది 54 శాతమే. ఆ ప్రసంగం విని జనం ఆశ్చర్యపోయారు. లెక్క తెలిసినవాళ్లకు అది టెన్నిస్ స్కోరు పద్ధతి గొప్పతనం. ప్రతి పాయింటుకూ 54 శాతం అవకాశం ఉంటే, సర్వ్ తేడా పక్కన పెడితే, గేమ్ గెలిచే అవకాశం 60 శాతానికి చేరుతుంది. గేమ్ నుంచి సెట్‌కు, సెట్ నుంచి మ్యాచ్‌కు పోయేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. చిన్న తేడా పెద్దదవుతుంది.

అదే పద్ధతి తలకిందులు కూడా చేస్తుంది. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెడరర్‌కు 218 పాయింట్లు, జొకోవిచ్‌కు 204. విన్నర్లు 94–54, ఏస్‌లు 25–10. ఈ అంకెలన్నిటా ఫెడరరే ముందు. చివరి సెట్లో 8–7, 40–15 దగ్గర రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కూడా అతని చేతిలో ఉన్నాయి. కప్పు మాత్రం జొకోవిచ్‌ది: 7–6, 1–6, 7–6, 4–6, 13–12. మూడు టైబ్రేక్‌లూ జొకోవిచ్ గెలిచాడు. రెండో సెట్లో 6–1తో గెలిచినప్పుడు ఫెడరర్ పోగుచేసుకున్న పాయింట్లు ఆ టైబ్రేకుల్లో అతనికి అక్కరకు రాలేదు. 2007 ఫ్రెంచ్ ఫైనల్లో నాదల్ మీద ఫెడరర్‌కు 17 బ్రేక్ పాయింట్లు దొరికితే దక్కింది ఒకటి. అది గుండె బలహీనతా, నాదల్ ఎడమచేతి సర్వ్ ప్రతాపమా, దురదృష్టమా? ఒక మ్యాచ్‌తో తేలదు. టీవీలో వెంటనే తేల్చి చెప్పేవాళ్లను నమ్మకండి.

8. చివరికి తీర్పు చెప్పండి

ఇన్ని మెలికలు చూపించి "ఇద్దరూ గొప్పే" అని లేచిపోతే పిల్లలు ఊరుకునేవాళ్లు కాదు. ఊరుకోకూడదు కూడా. స్టాటిస్టిక్స్ చదివింది నిర్ణయం చెప్పడానికే.

ఉచ్చస్థితి ఎవరిదని అడిగితే నవ్రతిలోవాది. 1983లో ఏడాది మొత్తంలో ఒక్కటే ఓటమి, ఫ్రెంచ్ ఓపెన్‌లో కేథీ హోర్వాత్ చేతిలో. 1984లో వరసగా 74 గెలుపులు. 1982 నుంచి 1986 దాకా ఐదేళ్లలో మొత్తం ఓటములు 14. ఆ 14లోనూ పెద్దవి కొన్నిటి దగ్గర ఎవర్ట్ కనిపిస్తుంది: 1982 ఆస్ట్రేలియన్, 1985, 1986 ఫ్రెంచ్ ఫైనళ్లు.

సింగిల్స్‌లో మొత్తం కెరీర్ ఎవరిదని అడిగితే నేను ఎవర్ట్ పేరు చెబుతాను. 1974 నుంచి 1986 దాకా 13 ఏళ్లు వరసగా ఏడాదికి కనీసం ఒక గ్రాండ్‌స్లామ్. 56లో 52 సెమీఫైనళ్లు. నవ్రతిలోవా 32 ఫైనళ్లకు ఆమెవి 34. నేలలకు సమాన బరువిస్తే ముఖాముఖి తేడా నూటికి రెండు పాళ్లు. వీటికి మించి నన్ను కదిలించే సంగతి మరొకటుంది. 13 మ్యాచ్‌లు వరసగా ఓడినా, గ్రాఫైట్ రాకెట్‌కు మారి, జిమ్‌లో చెమటోడ్చి, 30 ఏళ్ల వయసులో, 1985 జూన్‌లో పారిస్ ఫైనల్లో 6–3, 6–7, 7–5తో అదే నవ్రతిలోవాను గెలిచింది. మరుసటేడు అక్కడే మళ్లీ గెలిచింది. ఎదుటి మనిషి ఆటను పై మెట్టుకు తీసుకెళ్తే తానూ ఆ మెట్టెక్కింది. నవ్రతిలోవా చేతిలో పది గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లు ఓడినా నా తీర్పు మారకపోవడానికి కారణం నాలుగో పాఠంలో ఉంది.

నాతో పాటు స్టాఫ్ రూములో కూర్చున్న మిత్రుడొకాయన దీన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. టెన్నిస్ అంటే సింగిల్స్ ఒక్కటేనా అనేవాడు. గట్టి వాదన. డబుల్స్‌లో నవ్రతిలోవావి 31 గ్రాండ్‌స్లామ్‌లు, మిక్స్‌డ్‌లో 10. ఆ పదిలో 2003 ఆస్ట్రేలియన్, వింబుల్డన్ టైటిళ్లు మన లియాండర్ పేస్‌తో కలిసి 46 ఏళ్ల వయసులో గెలిచినవి. సింగిల్స్‌తో కలిపితే 59. ఎవర్ట్‌కు డబుల్స్‌లో మూడు, ఆ మూడులో రెండు నవ్రతిలోవా పక్కన నిలబడి గెలిచినవే: 1975 ఫ్రెంచ్, 1976 వింబుల్డన్. ప్రశ్నలో సింగిల్స్ అన్న మాట కొట్టేస్తే ఆయన వైపే నేనూ నిలబడతాను.